పిల్ల మధ్యలో ‘హ’: ఫిన్లాండులో తికమకపడే విధానం

ఫిన్లాండు వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళుగా ఒకే ఒక్క వాక్యంతో నెట్టుకొస్తున్నాను. ఎస్పోలో కొత్తగా దిగిన తెలుగు కుర్రాళ్ళు, అమ్మ కట్టిచ్చిన ఆవకాయలో కాస్త సీసాకెత్తి మా ఇంటికి తెచ్చి, “అన్నా, ఈ భాష ఎట్ల నేర్చుకున్నవే?” అని అడుగుతుంటారు. ఆవకాయ లోపల పెట్టించి వాళ్ళకు నేను చెప్పే సలహాలే ఇవి. వీటిని పాటించినవాళ్ళెవరూ రెండోసారి రాలేదు. సందేహాలు తీరిపోయి ఉంటాయి.

వాక్యం ఇదీ: “మ్యా ఓన్ ఇహన్ పిహల్ల.”

మాటకు మాట చెప్పుకుంటే, “నేను పూర్తిగా వాకిట్లో ఉన్నాను” అని. అర్థం మాత్రం, నాకేమీ బోధపడటం లేదు, అంతా అయోమయంగా ఉంది అని. ‘పిహ’ అంటే వాకిలి, ఇంటి ఆవరణ. లోపల అందరూ కూర్చుని ఏదో తేల్చుకుంటుంటే మనమొక్కళ్ళం చెప్పులేసుకుని బయట నిలబడ్డట్టు నేను ఊహించుకుంటాను. పెళ్ళిచూపులకు తోడు తీసుకెళ్ళిన చిన్న తమ్ముడి పరిస్థితి.

మొదటి సలహా. వేరే ఏ మాటా నేర్చుకోకముందే దీన్ని నేర్చుకోండి. ‘మొయ్’ అంటే నమస్కారమనీ, ‘కీతోస్’ అంటే థాంక్స్ అనీ మొదలుపెట్టిస్తారు మీ శ్రేయోభిలాషులు. వినొద్దు. మీరు మొయ్ అంటే అవతలివాళ్ళు ఇంకేదో అంటారు. దానికి మీరేదో అనాలి. దానికి వాళ్ళు మరేదో అంటారు. ఏ దారిన పోయినా చివరికి చేరేది వాకిట్లోకే. నేరుగా అక్కడికే పోతే కాళ్ళ నొప్పులు తప్పుతాయి.

పుస్తకం ముట్టుకోకండి. పుస్తకంలో ఈ వాక్యం ఇలా దొరకదు. పుస్తకంలో ‘నేను’ అంటే మిన్యా, ‘ఉన్నాను’ అంటే ఒలెన్. బస్సులో విన్నామంటే మిన్యా అరిగిపోయి మ్యా అయింది, ఒలెన్ కరిగిపోయి ఓన్ అయింది. తంపెరె వైపు అదే మాట మ్యా కాక మరికాస్త సాగి మ్యాఆ అంటుంది, తూర్పు జిల్లాల్లో మియె అంటుంది. వాళ్ళకు రాతభాష ‘కిర్యకియెలి’ వేరు, నోటిభాష ‘పుహెకియెలి’ వేరు. క్లాసులో మొదటిది నేర్పుతారు, గుమ్మం దాటగానే రెండోది వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారి పుణ్యమా అని మన పత్రికలు మనం మాట్లాడే భాషలోకి వచ్చేశాయి కాబట్టి మనకీ బాధ కొత్త. వాళ్ళ మొట్టమొదటి అచ్చు పుస్తకం మికాయెల్ అగ్రికొలా వేసిన అక్షరాల పుస్తకం, 1543లో. నాలుగొందల ఎనభై ఏళ్ళుగా అచ్చువేస్తూ కూడా మ్యా ఓన్‌ని పాఠ్యపుస్తకంలో సరిగ్గా కూర్చోబెట్టలేకపోయారంటే, పుస్తకం వల్ల ఉపయోగం లేదనేగా? మా ఆవిడ మాత్రం వారానికి రెండు సాయంత్రాలు క్లాసుకెళ్ళి మిన్యా ఒలెన్ దగ్గర మొదలుపెట్టింది. పాపం, అమాయకురాలు.

ఇక ఉచ్చారణ. ఇక్కడ మనకు దేవుడిచ్చిన వరం ఉంది, దాన్ని పూర్తిగా వాడుకోండి. ‘పిల్ల’ అనండి. మధ్యలో ‘హ’ పెట్టండి. పిహల్ల. అంతే. ఇంగ్లీషువాడు చచ్చినా ఇలా పలకలేడు. ప దగ్గర ఫూ మని గాలి వదులుతాడు, ల్ల దగ్గర ఒక లకారం మింగేస్తాడు. ఫిన్నిష్‌లో లకారం మింగితే మాటే మారిపోతుంది. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్ ఆఫీసు. పదికీ పాదికీ, కలకూ కల్లకూ మధ్య బతికినవాళ్ళం, మనకిదో లెక్కా? చివరికి మ్యాలో ఉన్న ఆ వింత అచ్చు కూడా మన దగ్గర ఉంది. “వచ్చాడు” అని మామూలుగా, వేగంగా అనండి. చ్చా దగ్గర నోరు ఎలా తెరుచుకుందో చూడండి. రాసేటప్పుడు ‘ఆ’ అని రాస్తాం గానీ పలికేది ‘ఆ’ కాదు. అదే కాస్త కుదించి మకారానికి తగిలించండి. ఫిన్నులు కూడా ఇదే గుర్తుకు పైన రెండు చుక్కలు పెట్టి గొప్పలు పోతారు, మనం చుక్కల్లేకుండానే పని కానిచ్చేస్తున్నాం.

అద్దం ముందు రోజుకు వందసార్లు చొప్పున నెల్లాళ్ళు అనండి. ఎస్పోలో పుట్టినవాడిలా పలకాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక ఉదాహరణతో చూపిస్తాను.

మా మెట్లదారిలో, మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. ఒక సెప్టెంబరు సాయంత్రం లిఫ్టులో కలిశారు. ఫిన్నులు లిఫ్టులో మాట్లాడరంటారు, ఆవిడ మాట్లాడారు. చేతిలో ఏదో కాగితం, అందులో ‘పుత్కిరెమొంత్తి’ అనే మాట నాలుగుసార్లు కనిపించింది. ఆవిడ ఆ కాగితాన్ని నా మొహం దగ్గర ఆడిస్తూ, నిట్టూరుస్తూ, ఏదో అడిగారు. అప్పటికి నేను ముప్ఫై రోజుల సాధన పూర్తిచేసి ఉన్నాను. గొంతు సవరించుకుని, చివరి ల్లను ఒత్తిపలికి, “మ్యా ఓన్ ఇహన్ పిహల్ల” అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. “నేనూ అంతే!” అన్నట్టు నా చెయ్యి పట్టుకుని, అప్పటిదాకా నడుస్తున్న మాటల్ని ఒక్కసారిగా పరుగెత్తించారు. లిఫ్టు మా అంతస్తుకొచ్చింది, మళ్ళీ కిందికెళ్ళింది, మళ్ళీ పైకొచ్చింది. ఇరవై నిమిషాలు. నేను తల ఊపుతూనే ఉన్నాను, మన ఊపుడు, అవునో కాదో ఊపినవాడికే తెలియని ఊపుడు. వాళ్ళు గాలి లోపలికి పీలుస్తూ “యో” అంటారే, గుటకేసినట్టు, అది కూడా మధ్యమధ్యలో కలిపాను. ఎంత గొప్ప సంభాషణో! ఎనిమిదేళ్ళలో ఫిన్నిష్‌లో నేను చేసిన అతి పొడుగాటి సంభాషణ అదే.

మూడు వారాల తర్వాత ఉదయం ఏడింటికి ఇద్దరు మనుషులు డ్రిల్లింగు మిషన్లతో వచ్చి మా బాత్రూము గోడ పగలగొట్టారు. పుత్కిరెమొంత్తి అంటే పాత అపార్టుమెంట్లలో నీటి గొట్టాలూ మురుగు గొట్టాలూ మొత్తం పీకేసి కొత్తవి వేయడమట. అరవైల్లో డెబ్భైల్లో కట్టిన బ్లాకులన్నిటికీ ఈ ముహూర్తం వస్తుంది. ఒక్కోసారి నెలల తరబడి సాగుతుంది, జనం వేరే చోట ఇల్లు చూసుకుని పోతారు. పెద్దావిడ లిఫ్టులో చెప్పింది అదే. ఈ ఖర్చులూ ఈ తేదీలూ చూస్తుంటే మతిపోతోంది, నీకెలా ఉంది బాబూ అని అడిగారు. నాకూ మతిపోతోంది అన్నాను. సాటి బాధితుడు దొరికాడని ఆవిడ మనసు విప్పేశారు.

ఇందులో లోపం ఎక్కడుందో కొందరు తొందరపడి చెబుతారు. ఇంత చక్కగా పలికితే, వీడికి భాష వచ్చు, విషయమే అర్థం కాలేదు అనుకుంటారుగా అని. వంకరగా పలికితే వెంటనే ఇంగ్లీషులోకి మారిపోయేవారుగా అని. మా ఆవిడ కూడా బకెట్లతో నీళ్ళు మోస్తూ అదే అంది. కానీ నేనడుగుతాను, ఇంగ్లీషులోకి మారితే ఇక మన వాక్యం వాడుకునేదెప్పుడు?

కాబట్టి పలుకు దిద్దుకోండి. ఇంకా దిద్దుకోండి.

వ్యాకరణం దగ్గర భయపెట్టేవాళ్ళు ఉంటారు. పదిహేను విభక్తులండీ అంటారు. మనం చిన్నప్పుడు డుమువులు ప్రథమా విభక్తి అంటూ గోడకానుకుని అప్పజెప్పినవాళ్ళం. ఎనిమిదికి పదిహేను, రెట్టింపు కూడా కాదు. పైగా బండి ఒక్కలాగే కడతారు. మనం వాకిలికి వెనక ‘లో’ తగిలించినట్టే వాళ్ళు పిహకు వెనక ‘ల్ల’ తగిలిస్తారు. రాముడికి కి, గురువుకు కు అన్నట్టు వాళ్ళ తోకలు కూడా ముందున్న అచ్చును చూసుకుని రంగు మారుస్తాయి. ప్రశ్నకు మనం చివర ‘ఆ’ దీర్ఘం తీస్తే వాళ్ళు క్రియ చివర ‘కో’ అతికిస్తారు. మాట్లాడేటప్పుడు ఆడ, మగ తేడా లేకుండా మనిషిని ‘సె’ అంటారు, అంటే ‘అది’. మన వీధుల్లోనూ “అది వచ్చిందా?” అంటే పక్కింటి పిల్ల గురించే కదా. ఇన్ని పోలికలు చూసి 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల వ్యాకరణంలో, ఫిన్నిష్ ఉన్న కుటుంబంతో మన భాషలకు చుట్టరికం ఉందని రాశాడు. ఆ వాదాన్ని భాషావేత్తలు ఎప్పుడో అటకెక్కించారు. మనం దించుకుందాం. ఆఫీసులో ఎవరైనా ఫిన్ను పరిచయమైతే కాల్డ్‌వెల్ పేరు చెప్పి, వరసకు మీరు నాకు బావమరిది అవుతారని వివరించండి. వాళ్ళు ఏమీ అనరు. అసలు ఏమీ అనరు. మౌనం అర్ధాంగీకారం.

తోకల విషయంలో ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: చల్ల, మల్లె. పిహల్ల చల్లలా ముగుస్తుంది, వాకిట్లో ఉన్నట్టు. పిహల్లె మల్లెలా ముగుస్తుంది, వాకిట్లోకి పోతున్నట్టు. రెండూ చల్లనివే, రెండూ తెల్లనివే, కనుక ఏది వాడినా పరవాలేదు. నేనలాగే వాడాను. మా టీములో కొత్తగా చేరిన ఫిన్ను కుర్రాడు మీటింగులో తెల్లమొహం వేసుకుని కూర్చుంటే జాలేసింది. “ఏం బాబూ, అయోమయంగా ఉందా?” అని పలకరిద్దామని వంగి, ఆప్యాయంగా, కాస్త గట్టిగా, “పిహల్లె!” అన్నాను. కుర్రాడు నా వంక చూశాడు. లేచాడు. కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, ఒక్కొక్క వేలూ సర్దుకుంటూ చేతి తొడుగులు తొడుక్కున్నాడు, బయటికి నడిచాడు. పిహల్లె అంటే “బయటికి నడు” అని. ఉద్యోగంలోంచి తీసేసిన వాళ్ళ గురించి చెప్పడానికి కూడా అదే మాట వాడతారు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంత క్రమశిక్షణ! అరగంట తర్వాత ఎవరో వెళ్ళి పిలుచుకొచ్చారు. ఇప్పటికీ కారిడార్‌లో నేను కనిపిస్తే కోటు కోసం చూస్తాడు.

పడికట్టు మాట ఒకటే పదే పదే అంటే విసుగొస్తుంది కదా, మార్చి మార్చి వాడండి. వాకిలి కాకపోతే ఇంకో చోటు. ఇందులో ఫిన్నులకు ఒక పట్టింపు ఉంది, ఎందుకో ఎవరూ చెప్పరు. ‘కుయల్ల’ అంటే సందులో, అదీ తికమకే. ‘కూతమొల్ల’ అంటే వెన్నెల్లో, అదీ తికమకే. ‘ఉలల్ల’ అన్నా అంతే. ఉల అనగానే నాకు గుర్తొచ్చేది ఎఫ్‌ఎం రేడియోకి అక్కడి పాత పొడి పేరు, కాబట్టి స్టేషను దొరక్క గరగరమంటున్న రేడియోలా ఉంటుంది చెవికి. సరే, ఈ దారినే ముందుకు పోదామని ‘కదుల్ల’ అన్నాను, వీధిలో. సహోద్యోగిని భుజం తట్టి, ఇల్లు దొరికేదాకా వాళ్ళింట్లో ఉండమంది. ‘కతొల్ల’ అన్నాను, డాబా మీద. ఫోనులో అవతలి మనిషి గొంతు మారిపోయింది. కదలొద్దు, కిందికి చూడొద్దు అంటూ 112కు ఫోను కలపబోయాడు. సందులో నిలబడితే అమాయకుడు, వీధిలో నిలబడితే అనాథ, డాబా ఎక్కితే పోలీసు కేసు. ‘పిహస్స’ అన్నానొకసారి, అదీ వాకిట్లోనే గదా అని. అది కారు వాకిట్లో ఆపి ఉంది అనడానికి బాగుంటుందట.

ఉపమానాలు కావాలంటే ఉన్నాయి. వాకిట్లో ఎప్పుడూ ఉండేవి ఏమిటో చూసుకుని, వాటితో పోలుస్తారు. “లుమిఉక్కోలా వాకిట్లో ఉన్నాడు” అంటే మంచుమనిషిలా అని. లుమి మంచు, ఉక్కో ముసలాయన. “పిట్టలకు గింజలు పెట్టే పలకలా వాకిట్లో ఉన్నాడు” అనీ అంటారు. రెండోదాన్ని వింటే నాకెందుకో దిగులేస్తుంది. నాలుగు నెలల చీకట్లో, మంచులో, తన మీద గింజలెవరు పోశారో, ఎవరు తిని పోతున్నారో తెలియకుండా ఒక చెక్క. మనవాళ్ళు దిక్కుతోచని మనిషికి ఎన్ని పోలికలు కట్టినా ఇంత ఒంటరి వస్తువు జోలికి పోలేదు.

ఇంకా కొన్ని మాటలు చూస్తే మన సామెతల్లాగే ఉంటాయి. వెంటనే కలిపేయండి. అర్థం కానిది వాళ్ళకు ‘చుండ్రు మీదుగా’ పోతుంది. మనకు తలకెక్కదు, వాళ్ళకు తల దాకా వచ్చి, చుండ్రును రాసుకుంటూ, పైనుంచి వెళ్ళిపోతుంది. గోడ గడియారంలా కలగాపులగంగా ఉన్నాను అంటారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు “నోట్లోకి వేలు వెళ్ళింది” అంటారు. ఇది వినగానే ఎగిరి గంతేశాను. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు మనకూ ఉన్నాడుగా! ఒక విందులో ఫిన్ను మిత్రుడు ఏదో ప్రాజెక్టు గురించి చెబుతూ నోట్లోకి వేలు వెళ్ళిందన్నాడు. నేను కొనసాగించి, “కొరకలేదా?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. “ఎవరిది?” అన్నాడు.

ఇంటివాళ్ళకు కూడా నేర్పండి. తెలుగులోకి తర్జుమా చేసేటప్పుడు మాత్రం మాట ఎంచుకోవాలి. మా అమ్మకు ఫోన్‌లో, “ఈ ట్యాక్సు కాగితాలు చూస్తుంటే నేను పూర్తిగా దొడ్లో ఉన్నానమ్మా” అన్నాను. అవతల నిశ్శబ్దం. “పని కానిచ్చి చెయ్యి కడుక్కుని చెయ్యరాదట్రా ఫోను” అంది.

దరఖాస్తుల్లో ఈ వాక్యం ప్రయోగిస్తే చాలా బాగుంటుంది. ఒక కార్యాలయం నుంచి ఏడు పేజీల ఉత్తరం వచ్చింది. “గౌరవనీయులకు, మ్యా ఓన్ ఇహన్ పిహల్ల, ఇట్లు” అని జవాబిచ్చాను. మన ఊళ్ళో ఎవరైనా “మహారాజశ్రీ తహసీల్దారు గారి సముఖమునకు, నా బుర్ర దొబ్బింది, చిత్తగించవలెను” అని రాసుకుంటే ఎంత బాగుంటుందో అంత బాగుందట. కార్యాలయంవాళ్ళు తిరిగి ఫోన్ చేసి పావుగంట నవ్వాపుకుంటూ అంతా విప్పి చెప్పారు. పని జరిగింది. ఇదొక్కటే నా సలహాల్లో పొరపాటున ఫలించినది, అందుకే ఎక్కువ పొగడను.

భాషా పరీక్ష గురించి అడుగుతారు. పౌరసత్వానికి ‘యుకి’ పరీక్షలో ఆరింట మూడో స్థాయి తెచ్చుకోవాలి. మాట్లాడే భాగంలో ఎదురుగా మనిషి ఉండడు. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు, లోపల్నుంచి ఒక గొంతు అడుగుతుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, ఆ సెకన్లలో మనం చెప్పాలి. పక్కన ఇరవైమంది అదే గదిలో తలో గోడ వైపు చూస్తూ అరుస్తుంటారు. ఏ ప్రశ్నకైనా నప్పే జవాబు ఒకటి చేతిలో ఉంటే ఎంత ధైర్యం! మీ స్నేహితురాలు సినిమాకు పిలిచింది, ఏమంటావు? పిహల్ల. డాక్టరు అపాయింటుమెంటు మార్చుకోవాలి, ఎలా అడుగుతావు? పిహల్ల. నీకు ఇష్టమైన రుతువు గురించి వివరించు. ఇహన్ పిహల్ల. గది మొత్తంలో తడబడకుండా మాట్లాడింది నేనొక్కణ్ణే. ఫలితం సంగతి ఇక్కడ అప్రస్తుతం. మా ఆవిడకు నాలుగో స్థాయి వచ్చింది.

పిహతో మొదలయ్యే మాట ఎక్కడ కనిపించినా అర్థం తెలిసిపోయినట్టే లెక్క. మా వీధి చివర నీలం బోర్డు మీద ‘పిహకతు’ అని చూపించారొకరు. తికమక వీధి అనుకున్నాను. గంటకు 20 కిలోమీటర్లు మించకూడదట అక్కడ, పిల్లలూ నడిచేవాళ్ళూ ఎటైనా పోతారట, కారువాడే చూసుకుని పోవాలట. చూశారా, సరిగ్గానే అనుకున్నాను. ఆ ఉత్సాహంలో ఉండగా మే నెలలో మా మెట్లదారి నోటీసుబోర్డులో కాగితం అంటించారు: పిహతల్కోత్, శనివారం పది గంటలకు.

తల్కోత్ అంటే నలుగురూ కలిసి చేసుకునేదని విన్నాను. పిహ తెలిసిందే. అంటే తికమకపడినవాళ్ళ సమావేశం! ఎనిమిదేళ్ళుగా ఒంటరిగా అయోమయపడుతున్నవాణ్ణి, కళ్ళు చెమర్చాయి. కాలనీవాళ్ళకు ఎంత దయ! ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికీ పంచుదామని మురుకుల డబ్బా పట్టుకుని సరిగ్గా పదింటికి దిగాను. పాత కోట్లూ రబ్బరు బూట్లూ వేసుకుని పదిహేనుమంది నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ అయోమయం లేదు. మూడో అంతస్తు పెద్దావిడ వచ్చి నా చేతిలో మురుకుల డబ్బా తీసుకుని, ఆకులు ఊడ్చే పళ్ళ కర్ర ఒకటి పెట్టారు. చలికాలమంతా మంచు కింద కుళ్ళిన ఆకులు, జారకుండా చల్లిన కంకర, ఎవరిదో ఒంటి తొడుగు, విరిగిన ఊయల గొలుసు. తివాచీలు వేలాడదీసి దుమ్ము దులిపే ఇనప కమ్మీల దగ్గర్నుంచి సైకిళ్ళ షెడ్డు దాకా నా భాగం. ఒంటి గంటకు గ్రిల్లు మీద సాసేజీలు కాల్చి, కాఫీ పోసి, నా మురుకులు పంచారు. ఎవరో నన్నేదో అడిగారు. నా వాక్యం చెప్పాను. “అవును, అందరం వాకిట్లోనే ఉన్నాం, ఎంత బాగుందో ఎండ!” అన్నారు. సమావేశం గురించి నేను పొరబడలేదు కదా.

చివరిగా, ఈ వాక్యాన్ని అత్యవసరానికి దాచుకోండి అనేవాళ్ళ మాట నమ్మొద్దు అని చెప్పడానికి పోయిన జనవరి సంగతి ఒకటి.

రాత్రి పదిన్నర. మా ఆవిడ ఇండియాలో ఉంది. చెత్త పారేద్దామని చెప్పులతో దిగాను. చెత్త షెడ్డులో ఏడు డబ్బాలు: తిండి చెత్త, కాగితం, అట్ట, ప్లాస్టిక్, గాజు, లోహం, చివరిది ‘సెక’, అంటే ఏ గుంపులోనూ చేరనిది. చేతిలో పాల డబ్బా. ఒళ్ళు అట్ట, మూత ప్లాస్టిక్, లోపల ఇంకేదో మెరుస్తోంది. మూత ఊడదీసి ఒకదాంట్లో వేసి, ఒంటిని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఇక్కడ ఇంటి తలుపు మూసుకుంటే దానంతటదే తాళం పడుతుంది. అది వెనక్కి తిరిగాక గుర్తొచ్చింది. తాళంచెవి లోపల కొక్కేనికి వేలాడుతోంది. మైనస్ 17. అదృష్టం, ఫోను జేబులో ఉంది. బిల్డింగు పనులు చూసే కంపెనీ రాత్రి నంబరుకు చేశాను.

“మ్యా ఓన్ ఇహన్ పిహల్ల,” అన్నాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి మాట మాటా నిజం చెబుతున్నాను.

అవతల ఒక ఆడగొంతు. నిదానంగా, పసిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు, “ఫరవాలేదు, నెమ్మదిగా చెప్పు. ఎక్కడున్నావు?” అంది. అక్కడ మీరు, గారు వినిపించేది తక్కువ, దాదాపు అందరూ నువ్వే.

“పిహల్ల.”

“అది అర్థమైంది. ఎక్కడున్నావు?”

“పిహల్ల!”

“తెలిసింది. ఇప్పుడు నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?”

చుట్టూ చూశాను. తివాచీల కమ్మీల పక్కన పిల్లలు సాయంత్రం కట్టిన మంచుమనిషి ఉన్నాడు. క్యారెట్ ముక్కు, ఎవరిదో పాత మఫ్లరు. ఆ మాట నాకు వచ్చు. “లుమిఉక్కో,” అన్నాను. గొంతు ఇంకా మెత్తబడింది. తాగావా అని అడిగినట్టుంది. చలికి దవడలు కొట్టుకుంటుంటే మా ఆవిడ వంటింట్లో గోడలకు అంటించిన చీటీలు ఒక్కొక్కటీ కళ్ళముందు తిరిగాయి. ఫ్రిజ్జు మీద ఒకటి, తలుపు మీద ఒకటి, కొక్కెం కింద ఒకటి. అవైన్. తాళంచెవి. “అవైన్ సిసల్ల్య,” అని అరిచాను. తాళంచెవి లోపల.

నలభై నిమిషాలకు వ్యాను వచ్చింది. మనిషి దిగాడు. మంచుమనిషి మెడలో మఫ్లరు నా మెడలో ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. “నో నీన్,” అన్నాడు. సరే, పద, అయిపోయింది, మొదలుపెడదాం, ఇదేం ఖర్మ, వీటన్నిటికీ వాళ్ళు వాడే మాట అదొక్కటే. దాని మీద ఒక పుస్తకమే రాయాలని ఉంది.

వారం తర్వాత పోస్టులో బిల్లు వచ్చింది. అందులో ‘ఒవెన్అవౌస్’ అని, ఎదురుగా అంకె. కడుపు మండిపోయింది. మా ఇంట్లో ఓవెన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, బాగుచెయ్యనూ లేదు. “అది తలుపు తెరవడం అయ్యుంటుందండీ, నా మాట వినండి,” అని మా ఆవిడ ఇండియా నుంచి ఫోనులో మొత్తుకుంటున్నా పెట్టేసి, ఆ నంబరుకే చేశాను.

ఎత్తింది ఆ గొంతే. నేను గాలి పీల్చుకుని నోరు తెరిచాను, అంతే.

“పిహల్ల?” అంది.